పిట్టల మేడకి సున్నం వేసిన రోజు

కొత్తగా సైటు పనుల్లో చేరిన కుర్రాళ్ళు అప్పుడప్పుడు నన్ను పట్టుకుని, "మీ సర్వీసులో బాగా గుర్తుండిపోయిన బిల్డింగు ఏదండి?" అని అడుగుతుంటారు. ఏ కల్యాణ మండపం గురించో, కాకినాడలో దగ్గరుండి లేపించిన అపార్ట్‌మెంటు గురించో చెబుతానని వాళ్ళ ఆశ. అవన్నీ నాకు అర్థమైన బిల్డింగులు బాబూ. అర్థమైనవాటిని మనిషి మర్చిపోతాడు. నాకు గుర్తున్నది అర్థం కానిది ఒక్కటే. ఎవరి కోసం కట్టానో, ఎందుకు కట్టానో అప్పుడు తెలియలేదు. ఇప్పుడు కొంత తెలిసింది, దాంతో అయోమయం ఇంకాస్త పెరిగింది.

నా ఉద్యోగం సైటు సూపర్‌వైజరు. ఇంజనీరు గీసినదాన్ని మేస్త్రి చేత కట్టించాలి, మేస్త్రి కట్టినదే తాను గీశానని ఇంజనీరుని నమ్మించాలి. ఒకే కాంట్రాక్టరు దగ్గర జుట్టు నెరిసేదాకా ఈ పనే చేశాను. మన డెల్టాలో ఇల్లు కట్టడమంటే నీళ్ళతో తగువే. గునపం దింపితే చాలు ఊట వచ్చేస్తుంది. గోడకి చెమ్మ ఎక్కకూడదు, గదిలోకి గాలి రావాలి, వెలుతురు రావాలి. నేను నేర్చుకున్న విద్యంతా ఈ మూడు ముక్కలే.

కరోనా సద్దుమణిగాక, నేను రిటైరవ్వడానికి కాస్త ముందు, మా కాంట్రాక్టరు గారు పిలిచారు. యానాం దాటాక గోదావరి పాయ పక్కన ఒక ఊళ్ళో చిన్న పని ఉందన్నారు.

"ఇల్లాండి, గోడౌనాండి?" అన్నాను.

"నాకూ తెలీదండి. మూడంతస్తులంట, కిటికీలు మాత్రం వద్దన్నాడు. మలేషియా నుంచి వచ్చాడు పాపం. మీరెళ్ళి చూడండి."

పాపం అని ఎందుకన్నారో అడగలేదు. మర్నాడు మేస్త్రిని వెంటబెట్టుకుని బస్సెక్కాను. ఈ మేస్త్రీ నేనూ వయసులో ఉన్నప్పటినుంచీ కలిసి పనిచేశాం. గోడ నున్నగా తియ్యడంలో అతని చెయ్యి గొప్పది, అతని నోరు అంతకన్నా గొప్పది. వద్దన్న పని చేసి తీరడం అతని జబ్బు.

ఆ మలేషియా ఆయనకి నలభై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, మాట నెమ్మది. "వందనాలండి" అని కుర్చీలు వేశాడు. చర్చికి ఎదురుగా, రోడ్డు దాటగానే వాళ్ళ స్థలం. ప్లాను చూపించాడు. చుట్టూ మందంగా గోడలు. కింద ఒకే ఒక్క తలుపు. ఎక్కడో మూడో అంతస్తు పైన, పడుకోబెట్టిన తలుపంత కన్నం ఒకటి. శ్లాబుల కింద గళ్ళు గళ్ళుగా చెక్కపట్టీలు. ప్రతి అంతస్తులోనూ నేల మీద నీళ్ళ తొట్టి. మూలమూలనా స్పీకర్లు.

"ఇందులో ఎవరుంటారండి?" అని అడిగాను.

"పిట్టలండి."

నేను మేస్త్రి వైపు చూశాను. మేస్త్రి ఆకాశం వైపు చూశాడు.

అప్పుడు ఓపిగ్గా చెప్పాడాయన. మలేషియాలో ఇలాంటి మేడల్లో ఒక జాతి పిట్టలు గూళ్ళు కడతాయి. చిన్నవి, నల్లవి, కొమ్మ మీద వాలవు, ఎప్పుడూ ఎగురుతూనే ఉంటాయి. పుల్లా పుడకా ఏమీ లేకుండా ఒట్టి ఉమ్మితోనే గూడు కడతాయట. ఆ గూటిని చైనా వాళ్ళు సూపు కాచుకుని తాగుతారట, బంగారం కొన్నట్టు కొంటారట. ఈయన అక్కడ ఆ మేడల్లోనే పని చేశాడు. దీపం పెట్టుకుని చీకట్లో గూళ్ళు కోసి, కూర్చుని చిన్న పట్టకారుతో ఈకలు ఏరడమే ఆయన ఉద్యోగం. ఫోనులో గూడు ఫోటో కూడా చూపించాడు. కొబ్బరి చిప్ప పెంకులా, మీగడ రంగులో నున్నగా ఉంది. ఒక్క గడ్డిపరక కూడా లేదు అందులో.

"ఉమ్ముతో కట్టింది తాగుతారాండి?" అన్నాడు మేస్త్రి. అతని నోట్లో కిళ్ళీ ఉంది. ఎక్కడ ఉమ్మాలో తోచక మింగేశాడు.

"ఆ పిట్టలు మన దగ్గర ఉంటాయాండి మరి?" అని అడిగాను. పనిచేసేవాడిగా అది అడగాల్సిన ప్రశ్నే కదా.

ఆయన తల తిప్పి చర్చి గంట గోపురం వైపు చూశాడు. సాయంత్రం ఎండలో దాని చుట్టూ చిన్న చిన్న నల్లపిట్టలు కీచుకీచుమంటూ గిరగిరా తిరుగుతున్నాయి. "అవే కదండీ" అన్నాడు. వెంటనే ప్లాను చుట్టేశాడు. నేనూ ఇంకేమీ అడగలేదు.

ఇక్కడ మా వైపు అలవాటు ఒకటి చెప్పాలి. బయటి దేశం నుంచి ఎవరొచ్చినా ఊరు అడిగేవి రెండు ప్రశ్నలు. "ఎప్పుడొచ్చావు? మళ్ళీ ఎప్పుడెళ్తావు?" రెండూ ఒకే ఊపిరిలో అడుగుతారు. మొదటిదానికి జవాబు వినకుండానే రెండోది అడుగుతారు. దురుద్దేశం ఏమీ ఉండదు, తిన్నావా అన్నట్టే. మొదటిరోజు ఆయన నన్ను టీ కొట్టుకి తీసుకెళ్తే, అక్కడికి చేరేలోపు ముగ్గురడిగారు. ప్రతిసారీ ఆయన నవ్వి, చెప్పు సరిచేసుకునేవాడిలా వంగేవాడు. చెప్పు బాగానే ఉంది కదా, ఎందుకు వంగుతున్నాడా అనుకున్నాను నేను.

పని మొదలైంది. నా తిప్పలూ మొదలయ్యాయి.

గోడకి చెమ్మ రాకుండా మందు కలపమంటే, వద్దండి చెమ్మ ఉండాలి అన్నాడాయన. ప్లాస్టరింగ్ నున్నగా తియ్యమంటే, వద్దండి గరుకుగా వదిలెయ్యండి, పిట్ట గోళ్ళకి పట్టు దొరకాలి అన్నాడు. ఆ మాటకి మేస్త్రి అన్నం మానేసినంత పని చేశాడు. "గరుకు గోడ వదిలేసి నేను మా ఊరెలా వెళ్తానండి? నా చేత్తో కట్టిందని చెప్పుకోవద్దా?" అని నా మీద ఎగిరాడు. నాకు మాత్రం ఏం తెలుసు! గాలి వద్దు, వెలుతురు వద్దు, పొడి వద్దు. జీవితమంతా ఏమేం రాకూడదని కాపలా కాశానో అవన్నీ కావాలంటున్నాడు ఈయన. అంతా తెలిసిన పనే, అంతా తలకిందులు.

గోడ లింటెల్ ఎత్తుకి వచ్చింది. లింటెల్ అంటే కిటికీ మీదా తలుపు మీదా బరువు ఆపడానికి వేసే కాంక్రీటు పట్టీ. కిటికీలే లేవు కాబట్టి ఆ ఒక్క తలుపు మీద తప్ప దాంతో పనిలేదు. అయినా మేస్త్రి చుట్టూరా వేసేస్తున్నాడు. అంతటితో ఊరుకున్నాడా, కిటికీలు ఉండాల్సిన చోట్ల అవి ఉన్నట్టే ఖాళీలు వదిలి, ఆ ఖాళీలని సిమెంటుతో కాకుండా ఒట్టి బురదమట్టితో ఇటుకలు పేర్చి మూసేస్తున్నాడు.

"ఏంటిది మేస్త్రీ?" అన్నాను.

"ఆయ్, చెయ్యి ఆడట్లేదండి. కిటికీ లేకుండా గోడ కట్టమంటే నా చెయ్యి ఆగిపోతాంది. పైన పూత పూసేత్తే ఎవరికి తెలుద్దండి?"

తిడదామని నోరు తెరిచాను. ఎందుకో మూసుకున్నాను. ఆ గోడని చూస్తే నాకూ ఊపిరి ఆడేది కాదు మరి.

ఊరికి ఆ మేడ పెద్ద కాలక్షేపమైపోయింది. యానాం పక్కనే కదా, అక్కడ మందు చవక, ఆ సీసాలు దాచే గోడౌను అన్నారు కొందరు. రొయ్యపిల్లల హేచరీ అన్నారు ఇంకొందరు. టీ కొట్టాయన అయితే ఒకరోజు నన్ను పక్కకి పిలిచి, "గవర్నమెంటు జైలంట కదండీ?" అని గుసగుసగా అడిగాడు. అవునన్నాను. ఆ రోజు టీకి డబ్బులు తీసుకోలేదు.

మలేషియా ఆయన భార్య ఆ ఊరి బళ్ళోనే టీచరు. బడి వదలగానే ఫ్లాస్కుతో టీ తెచ్చి మా అందరికీ పోసేది. పోస్తూ రోజూ ఒకే మాట అడిగేది. "ఎప్పటికి అయిపోద్దండి పని?"

తొందరగా కావాలని అడుగుతోందనుకున్నాను. "టీచరు గారూ, మీకెందుకండి, పరిగెత్తించేస్తాను" అనేవాణ్ణి. ఆవిడ ముఖం చిన్నబోయేది. నమ్మట్లేదు కాబోలు అని కూలీలని పెంచాను. మర్నాడు, "ఇంకా తొందరగా అయిపోద్దండి" అన్నాను. ఇంకా చిన్నబోయింది. నాకు తల బొప్పి కట్టింది.

ఆయన వరస ఇంకొకటి. రెండో అంతస్తులో అడ్డగోడ కట్టించాడు. ఆరాక, గాలి తిరగదేమోనని కొట్టించేశాడు. మళ్ళీ, మధ్యలో అడ్డం లేకపోతే పిట్టలు బెదురుతాయేమోనని కట్టించాడు. ఇటుక మీద ఇటుక మేస్త్రిది, తిట్టు మీద తిట్టు నాది. ఇంత చాదస్తపు మనిషిని నా సర్వీసులో చూడలేదని కాంట్రాక్టరు గారికి ఫోను చేసి మరీ చెప్పాను.

ఒక సాయంత్రం టీ పోసి, టీచరు గారు వెళ్ళకుండా ఇసక గుట్ట పక్కన నిలబడింది. వాళ్ళ పాప ఆ ఇసకలో ఆడుకుంటోంది.

"ఒకటి అడుగుతానండి, తప్పుగా అనుకోకండి. ఇందులోకి పిట్టలు నిజంగా వస్తాయంటారా?"

"అది మీ ఆయన్ని అడగాలండి. నాది గోడల వరకే."

"ఆయన్ని అడగలేనండి" అంది. "ఆయన సెలవు మీద వచ్చారు. సెలవు ఎప్పుడో అయిపోయింది. అక్కడి ఓనరు ఫోన్లు చేస్తన్నాడు. పిట్టలొస్తే ఇక్కడే ఉండిపోతాను, రాకపోతే మళ్ళీ వెళ్ళాలి అంటన్నారు. పెళ్ళైనప్పట్నుంచీ సామర్లకోట స్టేషనులో రైలెక్కించి రావడమే నా పనైపోయిందండి. నాకు అలవాటైపోయింది. పాపకి అవ్వట్లేదు. స్టేషను పేరెత్తితే చాలు, జ్వరం తెచ్చుకుంటాది."

ఇప్పుడైనా నాకు వెలగాలి కదా, ఆవిడ రోజూ ఎందుకలా అడిగేదో! వెలగలేదు. పిట్టలు తొందరగా రావాలంటే పని తొందరగా అవ్వాలనుకున్నాను. ఇంకో ఇద్దరు కూలీలని పెట్టాను.

మేడ పూర్తయింది. స్పీకర్లు బిగించి పిట్టల అరుపులు పెట్టారు. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా కిచకిచ కిచకిచ. ఆదివారం ఆరాధనలో అయ్యగారు ప్రసంగం మధ్యలో ఆగి, కాసేపు కళ్ళు మూసుకుని, మళ్ళీ మొదలుపెట్టేవారట. అయ్యగారంటే మా వైపు పాస్టరు గారు. ఇంకొక ఘట్టం మిగిలింది. కొత్త సిమెంటు వాసనకి పిట్టలు రావట. వాటి రెట్టలు తెచ్చి నీళ్ళల్లో నానబెట్టి గోడలకి కొట్టాలట. ఆయన చర్చి గోపురం ఎక్కి గోతాముల కొద్దీ రెట్టలు దింపాడు. డ్రమ్ముల్లో నానబెట్టాడు. మేస్త్రిని కొట్టమంటే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చివరికి ఆయనే మూతికి గుడ్డ కట్టుకుని మూడంతస్తులూ కొట్టాడు. ఆ కంపు గురించి ఏం చెప్పను! భోజనానికి మేం యానాం దాకా పోయేవాళ్ళం.

ప్రతిష్ఠ ప్రార్థన పెట్టుకున్నారు. కొత్త ఇల్లు ఏదైనా అయ్యగారు వచ్చి ప్రార్థన చెయ్యకుండా మొదలుపెట్టరు వాళ్ళు. ఆ పొద్దున్న నేను కాకినాడ నుంచి బయల్దేరి, కాస్త ఆలస్యంగా దిగాను. మేడ దగ్గరికి వస్తుంటే కంపు కొట్టాలి కదా, కొట్టలేదు. ఫినాయిల్ వాసన వచ్చింది.

లోపలికెళ్ళి నిలబడిపోయాను. మూడంతస్తులూ తెల్లగా మెరిసిపోతున్నాయి. చర్చి మహిళా సమాజం వాళ్ళు తెల్లవారుతూనే దిగిపోయారట. బకెట్లతో నీళ్ళు కొట్టి, చీపుళ్ళతో రుద్ది, ఫినాయిల్ చల్లి, పైన సున్నం వేసేశారు. నీళ్ళ తొట్లు తోడేశారు. తలుపుకి రంగు కాగితాలు, బెలూన్లు కట్టారు. సున్నం బ్రష్షు పట్టుకుని మెట్ల మీద మేస్త్రి నిలబడి ఉన్నాడు. అతని ముఖం అంత వెలిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

"నువ్వు కూడానా?" అన్నాను.

"దేవుడి ప్రార్థనండి. కంపులో ఎలా జరుగుద్దండి?" అన్నాడు. అతను ఏ దేవుడికీ దణ్ణం పెట్టగా నేను చూడలేదు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నాళ్ళ పని, ఆ మనిషి ఒంటిచేత్తో పడ్డ చాకిరీ, అంతా సున్నం పాలు. ఇంతలో ఆయన వచ్చాడు. వెనకాల అయ్యగారు, ఊరి పెద్దలు. అందరూ ఆయన ముఖమే చూస్తున్నారు. టీ కొట్టాయన ఉండబట్టలేక, "అయ్యో, ఇంక పిట్టలు రావేమోనండి" అన్నాడు.

టీచరు గారు ముందుకొచ్చింది. క్లాసులో పాఠం చెప్పినట్టు, అందరికీ వినబడేలా చెప్పింది. "నేనే కడిగించానండి. మా సమాజం వాళ్ళు వద్దన్నా నేనే వినలేదు. పిట్టలు రాకపోతే ఆ తప్పు నాది. ఆయన కట్టిన దాంట్లో ఏ లోపమూ లేదు."

ఎంత తెలివితక్కువ మనిషి, చేసిందే కాక చాటింపు కూడానా అనుకున్నాను. ఆయన అరుస్తాడని చూశాను. అరవలేదు. గోడ మీద చెయ్యి వేశాడు. చేతికి అంటిన సున్నాన్ని చూసుకున్నాడు. "బాగుంది" అన్నాడు. "ఇల్లులా ఉంది."

అయ్యగారు ప్రార్థన చేశారు. పిట్టల గురించి ఏం అడగాలో ఆయనకీ తోచినట్టు లేదు. వచ్చేవాళ్ళని రప్పించమనీ, ఉండేవాళ్ళని ఉంచమనీ అడిగి ముగించారు. ఆమెన్ అనే వేళకి స్పీకర్లలోంచి కిచకిచ గట్టిగా మొదలైంది. ఎవరో స్విచ్చి నొక్కారు కాబోలు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. టీచరు గారు నవ్వలేదు.

భోజనాలయ్యాక ఆయన గోతాము తీసుకుని, "మళ్ళీ కొంచెం రెట్ట తెద్దామండి, నిచ్చెన పట్టుకుంటారా?" అన్నాడు. పోనీ, ఇంత కథ నడిపించిన పిట్టనైనా దగ్గరగా చూద్దామని నేనూ గోపురం ఎక్కాను. మోకాళ్ళు ఒప్పుకోలేదు, అయినా ఎక్కాను. గంట పైన దూలాల కింద గుంపుగా గూళ్ళు. తలెత్తి చూశాను. ఎండుగడ్డి, ఈకలు, దూది. ఒక దాంట్లోంచి క్రిస్మస్ నక్షత్రపు ఎర్రకాగితం పీలిక వేలాడుతోంది. ఏదో జిగురు పూసి అన్నీ అతికించినట్టున్నాయి.

మీగడ రంగు గూడు ఫోటో నేను మర్చిపోలేదు. నాకు పిట్టల గురించి ఓనమాలు కూడా రావు. కానీ కళ్ళున్నాయి కదా.

"ఏమండీ" అన్నాను, "ఇవి ఆ పిట్టలు కావు కదా?"

ఆయన గోతాము మడత విప్పుతూ ఆగిపోయాడు. "కావండి" అన్నాడు.

"ఎప్పుడు తెలిసింది?"

"గూళ్ళల్లో ఈకలు ఏరి బతికినవాణ్ణండి. తెలీకుండా ఎలా ఉంటాది? వాటికి దగ్గర చుట్టాలే ఇవి. కానీ ఇవి కట్టే గూటిని ఎవరూ కొనరు."

కిందపడతానేమోనని గంట తాడు పట్టుకున్నాను, గంట ఒకసారి ఠంగుమంది. "మరి ఎందుకు కట్టించారండి ఇదంతా? గోడ కట్టి, కొట్టి, మళ్ళీ కట్టి..."

ఆయన గోపురం అంచున కూర్చున్నాడు. అక్కణ్ణుంచి ఊరంతా కనిపిస్తుంది, అవతల గోదావరి పాయ కనిపిస్తుంది. "దిగిన రోజునుంచీ ఎప్పుడెళ్తావనే అడుగుతారండి. మా అమ్మా అదే అడిగింది. తప్పు కాదు, అలవాటు. వెళ్ళనని చెప్తే, మరి ఇక్కడేం చేస్తావంటారు. ఏం చేస్తానో నాకూ తెలీదు. పిట్టల పని తప్ప ఏమీ రాదు నాకు. పునాది తవ్వించిన రోజునుంచీ ఎవరూ ఎప్పుడెళ్తావని అడగలేదండి. ఇదేంటి, ఎప్పటికవుద్ది అని అడిగారు. పని నడుస్తున్నన్నాళ్ళూ నేను ఊళ్ళో మనిషిలా ఉన్నాను. అందుకే అయిపోకూడదనుకున్నాను. మీరేమో పరిగెత్తించేశారు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చాదస్తం అనుకున్న అడ్డగోడ గుర్తొచ్చింది. నేను పెంచిన కూలీలు గుర్తొచ్చారు. "మా ఆవిడకి చెప్పకండి" అన్నాడు. "పిట్టలొస్తాయని నమ్ముతోంది." సరేనన్నాను. గోతాము ఖాళీగానే దింపాం.

మర్నాడు లెక్కలు సర్ది సామాను ఎత్తేసే పని. సాయంత్రం టీచరు గారు మామూలుగానే ఫ్లాస్కుతో వచ్చింది. ఆ పూట, ఎప్పటికవుద్దని అడగలేదు.

"గోపురం ఎక్కారంటగా. గూళ్ళు చూశారా?"

నేను గ్లాసులోకి చూస్తూ, చూశానన్నాను.

"మా నాన్నగారు ఆ చర్చిలో గంట కొట్టేవారండి. గాలివాన వస్తే గూళ్ళు మెట్ల మీద రాలేవి. ఊడ్చింది నేనే, చిన్నప్పుడంతా. గడ్డీ, ఈకలూ. మా ఆయన ఫోనులో ఆ తెల్లగూడు చూపించిన రోజే నాకు తెలుసండి, మన పిట్టలు అవి కావని."

టీ నా చొక్కా మీద ఒలికింది. "తెలిసి మరి ఆయనకి చెప్పలేదేంటండి? తెలిసి ఆ కడిగించడం ఏంటండి?"

"చెప్తే ఆ రోజే బ్యాగు సర్దుకుంటారు కదండీ. కడక్కపోతే ఏమయ్యేదో మీరే చెప్పండి. రోజులు గడుస్తాయి, పిట్టలు రావు. మలేషియా దాకా వెళ్ళి నేర్చుకొచ్చింది ఇదా అని ఊరు ఆయన్ని చూసి నవ్వుద్ది. నవ్వే ఊళ్ళో ఆయన ఉండలేరు, వెళ్ళిపోతారు. ఇప్పుడైతే, ఆయన బాగానే కట్టాడు, వాళ్ళావిడే ఫినాయిల్ కొట్టి చెడగొట్టిందంటారు. అననివ్వండి. నేనీ ఊళ్ళోనే పుట్టాను, నా మీద నవ్వితే నాకేమవుద్ది? రేపు వాళ్ళ పిల్లల్ని నా దగ్గరికే పంపాలి కదా."

గట్టు మీద కూర్చున్నవాణ్ణి లేచి నిలబడ్డాను, మళ్ళీ కూర్చున్నాను. ఆయనకి తెలుసు. ఆవిడకి తెలుసు. ఒకరికి తెలుసని ఇంకొకరికి తెలుసా? నేను చెప్పాలా, ఊరుకోవాలా? ఆయనకిచ్చిన మాట ఒకటుంది, ఈవిడ చెప్పిన మాట ఒకటుంది. సిమెంటూ ఇసకా ఏ పాళ్ళలో కలపాలో తెలిసినవాణ్ణి, ఈ రెంటినీ కలపాలో వద్దో తేల్చుకోలేకపోయాను.

"మేస్త్రి గారు చెప్పారండి" అంది ఆవిడ. "కిటికీలకి చోటు వదిలారంటగా లోపల. మీరు వెళ్ళేలోపు పైఅంతస్తులో తీయించగలరా? ముందు గాలి రానివ్వండి. ఏం చెయ్యాలో తర్వాత చూసుకుంటాం."

"మీ ఆయన ఒప్పుకోవాలి కదండీ."

"ఇల్లులా ఉందన్నారు కదా నిన్న. ఇల్లన్నాక కిటికీ ఉండాలని చెప్పండి. పని ఇంకా ఉందని చెప్పండి. అది వింటే ఒప్పుకుంటారు."

నిజమే, ఒప్పుకున్నాడు. పని ఇంకా ఉందనగానే ఆయన భుజాలు బరువు దిగినట్టు వదులవడం నేను చూశాను. మేస్త్రి అయితే పాట పాడుకుంటూ గడ్డపార ఎత్తాడు. మట్టితో పేర్చిన ఇటుకలు ఇట్టే ఊడి వచ్చాయి. మొదటి కిటికీలోంచి వెలుతురు పడగానే పాప అందులోంచి తల బయటికి పెట్టి, ఎదురుగా చర్చి మెట్ల మీదున్న స్నేహితురాల్ని పిలిచింది. ఈసారి నేను కూలీలని తగ్గించాను. ఒక కిటికీకి పట్టాల్సిన కాలానికి రెండింతలు పట్టించాను. సర్వీసులో మొదటిసారి, కావాలని పని సాగదీశాను. కాంట్రాక్టరు గారు కోప్పడితే, చెమ్మ ఆరట్లేదండి అన్నాను. అది అబద్ధం కూడా కాదు.

ఆ తర్వాత నేను రిటైరయ్యాను. వాళ్ళ సంగతి నాకు మళ్ళీ తెలియలేదు. ఈమధ్య యానాంలో పెళ్ళికి వెళ్ళి, ఉండబట్టలేక ఆ ఊరి ఆటో ఎక్కాను. దారంతా ఒకటే గుబులు. మేడ తలుపుకి తాళం ఉంటే ఏం చెయ్యాలి? ఎవర్ని అడగాలి?

తాళం లేదు. పైఅంతస్తు కిటికీలకి కర్టెన్లు, దండెం మీద బట్టలు. కింద రెండంతస్తులూ అలాగే చీకటిగా, చెమ్మగా వదిలేశారు. తొంగి చూస్తే వేలాడదీసిన సంచుల్లో తెల్లగా పుట్టగొడుగులు. నేను తిట్టుకుంటూ కట్టిన చెమ్మగోడ దేనికో దానికి పనికొచ్చింది మరి. అందులో ఏమైనా మిగులుతుందో లేదో నేనడగలేదు. స్పీకర్లు ఎప్పుడో పీకేశారు. పైన ఆ పడుకున్న తలుపంత కన్నం అంచున మాత్రం గడ్డి, ఈకలు వేలాడుతున్నాయి. నేను చూస్తుండగానే ఒక నల్లపిట్ట రివ్వున లోపలికి దూరింది. ఎవరూ పిలవకుండా, సున్నం గోడకే వచ్చి కట్టుకున్నాయి. అమ్ముడుపోని గూళ్ళు. ఎందుకొచ్చాయో నాకు తెలీదు, ఆయనకీ తెలిసుండదు.

ఎవరు ఎవరికి చెప్పుకున్నారో, అసలు చెప్పుకున్నారో లేదో, అది కూడా నాకు తెలియలేదు. అడిగే ధైర్యం చెయ్యలేదు.

ఆయన మేడ వెనక నుంచి గంప పట్టుకుని వస్తున్నాడు. కాస్త ఒళ్ళు చేశాడు, లుంగీ పైకి కట్టాడు. నన్ను చూడగానే ముఖమంతా నవ్వు చేసుకుని, నడుస్తూనే దూరం నుంచే కేకేశాడు.

"ఎప్పుడొచ్చారండీ? మళ్ళీ ఎప్పుడెళ్తారు?"